ఒంటరిగా కెయిర్న్స్ వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కాకినాడ. ఏడేళ్ళుగా బ్రిస్బేన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఏడేళ్ళలో మూడుసార్లు కెయిర్న్స్ వెళ్ళాను, మూడుసార్లూ ఒక్కదాన్నే. అప్పట్నుంచీ ఎవరో ఒకరు ఆ ఊరి గురించి అడుగుతూనే ఉన్నారు. చదువుకోడానికి వచ్చిన పిల్లలు, ఒక్కరూ ఎక్కడికైనా వెళ్ళి రావాలని ఆశపడే చెల్లెళ్ళు, కొడుకునో కూతురినో చూడడానికి వచ్చి ఓ నాలుగు రోజులు తమకోసం తిరగాలనుకునే పెద్దవాళ్ళు. ఎక్కువమంది మొదట అడిగేది అక్కడి మనుషుల గురించి, దొంగల గురించి. నేను మొదట చెప్పేది నీళ్ళ గురించి. ఆ ఊరి సముద్రం, బురద, ఏరు, జలపాతం దేని దారి దానిది. మనవాళ్ళెవరూ గట్టు మీద నిలబడి చూడని ప్రయాణంలో ఆ సంగతి ముందే తెలిసుండాలి.

అసలు కెయిర్న్స్ ఎక్కడుంది? అంత పేరెందుకు?

ఆస్ట్రేలియా ఈశాన్యంలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రం పైభాగాన ఉన్న చిన్న ఊరు. అక్కడివాళ్ళు ‘ర’ పలకరు, ‘క్యాన్స్’ అన్నట్టు వినిపిస్తుంది. 1876లో రేవుగా మొదలైంది. అంతకు ఎన్నో వేల ఏళ్ళ ముందునుంచే అది యిడింజి, యిర్రగాంజి ప్రజల నేల. ఎదురుగా సముద్రంలో 2,300 కిలోమీటర్ల పొడవున సాగే పగడపు దిబ్బల వరస, గ్రేట్ బ్యారియర్ రీఫ్. వెనక కొండల మీద వర్షారణ్యం. యునెస్కో రీఫ్‌ని 1981లో, అడవిని 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉండే చోటు లోకంలో చాలా అరుదు. పొద్దున పగడాల మీద ఈది, మర్నాడు పొద్దున మబ్బుల్లో మునిగిన చెట్ల కింద నడవొచ్చు.

ఏ నెలల్లో వెళ్ళాలి?

మే నుంచి అక్టోబరు దాకా. వాన తక్కువ, పగలు 26 డిగ్రీల దగ్గర, రాత్రి పల్చటి దుప్పటి చాలు. నవంబరు నుంచి ఉక్క, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుపాన్ల భయం. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను తర్వాత కురిసిన వానకి విమానాశ్రయం కూడా నీటమునిగింది. అయితే వానాకాలంలో జలపాతాల జోరు, అడవి పచ్చదనం చూసి తీరాలి. బ్యారన్ జలపాతం ఎండల్లో రాళ్ళ మీద సన్నటి ధార, వానల్లో కొండంతా నురగే. మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి మాత్రం జూన్, ఆగస్టు మధ్యే చెప్తాను.

మన దేశం నుంచి నేరుగా విమానం ఉందా? వీసా సంగతి?

నేరుగా లేదు. సింగపూర్ మీదుగా రావచ్చు, లేదా సిడ్నీ, బ్రిస్బేన్, మెల్‌బోర్న్‌లో దిగి దేశీయ విమానం ఎక్కాలి. బ్రిస్బేన్ నుంచి రెండుంపావు గంటలు, సిడ్నీ నుంచి మూడు. విమానాశ్రయం ఊరికి ఏడు కిలోమీటర్లే. భారత పాస్‌పోర్టుకి విజిటర్ వీసా, అంటే సబ్‌క్లాస్ 600, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. 18 నుంచి 30 ఏళ్ళ లోపు వాళ్ళకి 2024 నుంచి వర్క్ అండ్ హాలిడే వీసా కూడా ఉంది. ఏడాదికి 1,000 మందికే, లాటరీలో.

సామానులో ఆవకాయ, పొడులు, నెయ్యి, పాలకోవా ఏదున్నా విమానంలో ఇచ్చే కార్డులో ‘ఉంది’ అనే రాయండి. చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా. పచ్చి కరివేపాకు అసలు తేవద్దు.

ఊళ్ళో బీచ్ ఎక్కడ?

ఊళ్ళో లేదు. ఇది విని నిరాశపడనివాళ్ళని నేను చూళ్ళేదు. ఎస్ప్లనేడ్ అనే సముద్రపు గట్టు పొడుగునా ఆటు వచ్చినప్పుడు మైళ్ళ కొద్దీ బురద తేలుతుంది. పక్కన మడ అడవులు. మొదటి సాయంత్రం ఆ గాలి పీల్చగానే నాకు కోరంగి గుర్తొచ్చింది, అదే ఉప్పు వాసన, అదే బురద వాసన. ఆ బురదలో పక్షులు వందల్లో వాల్తాయి, చూడ్డానికి ఎంతసేపైనా కూర్చోవచ్చు. దిగడానికి మాత్రం కాదు, మొసళ్ళు తిరిగే నీళ్ళవి.

దానికి బదులు గట్టు మీదే 4,800 చదరపు మీటర్ల ఈతకొలను కట్టారు, లగూన్ అంటారు. వడగట్టిన ఉప్పునీరు, ఇసుక ఒడ్డు, లైఫ్‌గార్డులు. డబ్బు కట్టక్కర్లేదు. శుభ్రం చేయడానికి వారంలో ఒక పూట మూస్తారు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి ఊరు మొత్తంలో ఇంతకంటే నిశ్చింతగా నీళ్ళలో దిగే చోటు లేదు. పర్సు, పాస్‌పోర్టు గదిలో ఉంచి, తువ్వాలు, తాళంచెవి మాత్రం తీసుకెళ్ళండి.

ఇసుక బీచ్ కావాలంటే ఉత్తరాన ట్రినిటీ బీచ్, పామ్ కోవ్ ఉన్నాయి. సిటీ బస్సులో వెళ్ళొచ్చు, 2024 ఆగస్టు నుంచి క్వీన్స్‌లాండ్ సిటీ బస్సుల్లో ఎంత దూరమైనా 50 సెంట్లే.

నాకు ఈత రాదు. రీఫ్‌కి వెళ్ళి ఏం లాభం?

వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. మనలో సగం మందికి ఈత రాదు, అది సిగ్గుపడే విషయం కాదు. కానీ పడవ ఎక్కేటప్పుడు దాచడం మాత్రం ప్రమాదం.

ఈత రానివాళ్ళు పాంటూన్ ఉన్న ప్రయాణం ఎంచుకోవాలి. బయటి రీఫ్ దగ్గర సముద్రంలో లంగరేసిన పెద్ద తేలే వేదిక అది. పడవ అక్కడ కట్టేస్తారు, నాలుగైదు గంటలు అక్కడే. అద్దాల అడుగున్న పడవ, సగం నీళ్ళలో మునిగి నడిచే పడవ, నీటి కింద కూర్చుని చూసే గది ఉంటాయి. ఒళ్ళు తడవకుండా పగడాలు చూసి రావచ్చు. ధైర్యం వస్తే లైఫ్ జాకెట్ వేసుకుని, స్పాంజి గొట్టం చంకల కింద పెట్టుకుని, తాడు పట్టుకుని మొహం నీళ్ళలో పెట్టండి. ఆ మొదటి చూపు కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఒక కిటుకు చెప్తాను. ముందు రోజు సాయంత్రం ఓ చవక మాస్కు, స్నార్కెల్ (మొహం నీళ్ళలో పెట్టి నోటితో గాలి పీల్చే గొట్టం) కొనుక్కుని లగూన్‌లో నడుం లోతున నిలబడి అరగంట సాధన చేయండి. ఈత కంటే కష్టం ముక్కుతో గాలి పీల్చే అలవాటు మానడం. ఆ గాబరా లగూన్‌లోనే తీరిపోతే, సముద్రంలో మీ దృష్టంతా చేపల మీదే ఉంటుంది.

చిన్న పడవల్లో మనుషులు తక్కువ, మంచి మంచి దిబ్బలకి తీసుకెళ్తారు, కానీ నేరుగా లోతు నీళ్ళలోకే దిగాలి. ఈత వచ్చినవాళ్ళకే అవి. సగం రోజే ఉంటే గ్రీన్ ఐలాండ్ 27 కిలోమీటర్లు, ఫిట్జ్‌రాయ్ ఐలాండ్ 29, రెండింటికీ ముప్పావుగంట. ఫిట్జ్‌రాయ్‌లో గాయపడ్డ తాబేళ్ళ ఆసుపత్రి ఉంది. బయటి రీఫ్ ప్రయాణం రోజుకి 250 ఆస్ట్రేలియా డాలర్లకి పైమాటే.

ఒంటరిగా ఉన్నానని పడవవాళ్ళకి చెప్పాలా? చెప్తే ఇబ్బందేమో?

ఎక్కగానే చెప్పండి. ‘నేనొక్కదాన్నే వచ్చాను, నాకు జోడీ కావాలి’ అంటే ఎవరితోనో కలుపుతారు, లేదా వాళ్ళ మనిషితోనే తీసుకెళ్తారు. నీళ్ళలో జోడీ లేకుండా దిగకూడదు. జంటగా వచ్చినవాళ్ళలో ఒకరు కనబడకపోతే రెండోవాళ్ళు కేకేస్తారు. మనకి ఆ కేక వేసేవాళ్ళుండరు.

1998 జనవరిలో పోర్ట్ డగ్లస్ నుంచి వెళ్ళిన పడవ ఒకటి ఇద్దరు డైవర్లని సముద్రంలోనే వదిలేసి తిరిగొచ్చింది. రెండ్రోజుల దాకా ఎవరూ గుర్తించలేదు, వాళ్ళు మళ్ళీ దొరకలేదు. ఆ తర్వాత తలల లెక్క చాలా కఠినం చేశారు. తిరుగు ప్రయాణానికి ముందు ఎవరి పేరు వాళ్ళ చేత ఒప్పించుకుంటారు, ఒకటికి రెండుసార్లు లెక్కపెడతారు. ఆ లెక్క జరిగేటప్పుడు బాత్రూములో ఉండకండి, మీ తరపున ‘ఉంది’ అని ఇంకొకర్ని చెప్పమనకండి.

అమ్మానాన్నలు వెళ్తుంటే ఇంకో మాట. స్నార్కెల్ చేసేటప్పుడు పోయే ప్రాణాల్లో చాలావరకు పెద్దవాళ్ళవి, గుండెవల్ల. అరుపూ ఉండదు, పెనుగులాటా ఉండదు, బోర్లా తేలుతున్నట్టే ఉంటారు. అందుకే వయసు, బీపీ, షుగరు, గుండె గురించి ఫారంలో అడుగుతారు. నిజం రాస్తే సాధారణంగా ఆపరు, తేలే సాధనం గుర్తుపట్టేలా వేరే రంగులో ఇచ్చి, కనిపెట్టుకుని ఉంటారు.

సముద్రం పడకపోతే?

బయటి రీఫ్‌కి గంటన్నర నుంచి రెండు గంటలు. ఆగ్నేయపు గాలి వీచే రోజుల్లో పడవ బాగా ఊగుతుంది. మొదటిసారి నేను కడుపునిండా తిని, ముందు వరసలో కూర్చుని, ఫోను చూసుకుంటూ వెళ్ళాను. మూడూ తప్పే. గంటసేపు కాగితం సంచీ వదల్లేదు. ఇప్పుడైతే బయల్దేరే గంట ముందు మాత్ర వేసుకుంటాను, రెండు ఇడ్లీలంత తేలిగ్గా తింటాను, పడవ వెనక వైపు కింది అంతస్తులో కూర్చుని దూరంగా ఆకాశం సముద్రాన్ని తాకే గీతనే చూస్తాను. అల్లం మురబ్బా చప్పరిస్తే నాకు హాయిగా ఉంటుంది.

జెల్లీఫిష్, మొసళ్ళు అంటారు. నిజమేనా?

నిజమే. రెండింటికీ అక్కడివాళ్ళు పద్ధతిగా బతకడం నేర్చుకున్నారు, మనమూ అదే చేయాలి.

నవంబరు నుంచి మే దాకా తీరం వెంట ప్రాణాంతకమైన బాక్స్ జెల్లీఫిష్, వేలి గోరంత ఉండే ఇరుకాంజి తిరుగుతాయి. ఇరుకాంజి కుట్టినప్పుడు చిన్న మంటే, అరగంటకి నడుం, కడుపు, ఛాతీ పట్టేసే నొప్పి. దాని కారణం ఇదేనని తేల్చడానికి 1960లలో కెయిర్న్స్ డాక్టరు జాక్ బార్న్స్ తనకి, తన తొమ్మిదేళ్ళ కొడుక్కి, ఒక లైఫ్‌గార్డుకి కుట్టించుకున్నాడు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు. ఆ నెలల్లో వల కట్టిన చోటే దిగండి, పడవలో ఇచ్చే ఒళ్ళంతా కప్పే సూటు తప్పక వేసుకోండి. రీఫ్ మీద ముప్పు తక్కువే కానీ లేకపోలేదు. కుడితే ధారాళంగా వెనిగర్ పోసి అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. బీచ్‌లో స్తంభాలకి వెనిగర్ సీసాలు కట్టి ఉంటాయి. అవి ఎక్కడున్నాయో దిగకముందే చూసుకోండి.

ఉప్పునీటి మొసలి పేరుకి ఉప్పుదే కానీ ఏటి మొగ, మడ అడవి, నది, ఖాళీ బీచ్ అన్నీ దానివే. నీటి అంచుకి ఐదు మీటర్లు ఎడంగా నడవండి. పొద్దుగూకాక, తెల్లవారకముందు ఒడ్డుకి పోవద్దు. బోర్డు లేనంతమాత్రాన మొసలి లేదని అర్థం కాదు.

కొండల మీద జలపాతాల్లో మొసళ్ళుండవు కదా, అక్కడైనా ఈదొచ్చా?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

మొసళ్ళుండవు, నిజమే. నీళ్ళు అద్దంలా ఉంటాయి, చుట్టూ చెట్లు, ఫొటోలో స్వర్గం. 2024 జూలైలో మిల్లా మిల్లా జలపాతంలో ఇద్దరు తెలుగు యువకులు మునిగిపోయారు. మన జిల్లాల పిల్లలు, చదువుకోడానికి వచ్చినవాళ్ళు. ఆ వార్త విన్న రోజు నాకు నిద్రపట్టలేదు, ఎందుకంటే అంతకుముందు అదే గట్టు మీద నేనూ కాళ్ళు తడుపుకుంటూ కూర్చున్నాను.

మంచినీళ్ళు ఉప్పునీళ్ళలాగా ఒంటిని తేల్చవు. జూలైలో ఆ కొండల మీద నీళ్ళు చల్లగా కొరికేస్తాయి, ఒక్కసారిగా దూకితే ఊపిరి అందదు. ధార పడేచోట సుడి కిందకి లాగుతుంది. రాళ్ళ మీద పాచి. రెండు అడుగుల తర్వాత ఎంత లోతో పైనుంచి తెలీదు. జోసఫిన్ జలపాతం, బబిండా బౌల్డర్స్ లాంటి చోట్ల ఎగువన వాన పడితే ఎండ కాస్తూండగానే నీళ్ళు పైకి లేస్తాయి. బబిండాలో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకి పైగా వాన. అక్కడ ఈతకి గుర్తించిన చోటు వేరు, కంచె అవతల రాళ్ళ మధ్య పరుగెత్తే నీళ్ళు వేరు. కంచె దాటినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు.

ఒక్కరే ఉంటే నా నియమం ఇది: జలపాతం దగ్గర మోకాలు దాటి దిగను. ఈత వచ్చినా సరే. మనిషి మునుగుతుంటే వెంట దూకకండి. కొమ్మో, తువ్వాలో, ఖాళీ డబ్బానో అందించి, 000కి ఫోన్ చేసి, అరవండి. మునిగేవాళ్ళ వెనక దూకినవాళ్ళని కూడా పోగొట్టుకున్న ఇళ్ళు మన రాష్ట్రాల్లో ప్రతి వేసవిలోనూ చూస్తున్నాం.

ఆడవాళ్ళు ఒక్కరే ఉండొచ్చా?

ఉండొచ్చు. పగలంతా ఎస్ప్లనేడ్ మీద పరుగెత్తేవాళ్ళు, పిల్లల్ని ఆడించేవాళ్ళు. వీపున సంచీ వేసుకుని ఒక్కరే తిరిగే అమ్మాయిలు ఎక్కడ చూసినా కనిపిస్తారు, మనవైపు వింతగా చూసేవాళ్ళుండరు. హాస్టళ్ళలో ఆడవాళ్ళకే ప్రత్యేకంగా గదులుంటాయి, బుక్ చేసేటప్పుడే అడగండి. బారులు మూసే వేళకి ఊరి నడిబొడ్డున తాగినవాళ్ళ గొడవలుంటాయి. కార్ల దొంగతనాలు ఉన్నాయి. పదిన్నర దాటాక నేను టాక్సీలోనే వెళ్తాను. బస రేవుకి నడిచి వెళ్ళే దూరంలో తీసుకోండి, రీఫ్ పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. పెద్ద ఆసుపత్రి కూడా ఎస్ప్లనేడ్ మీదే ఉంది. సందర్శకులకి వైద్యం ఖర్చు చాలా ఎక్కువ, డైవింగ్ కూడా వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా రావద్దు.

కురండా రైలు అంత బాగుంటుందా?

అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1886లో మొదలుపెట్టి 1891కి కొండ మీది కురండా ఊరి దాకా వేసిన దారి. 15 సొరంగాలు, ఎక్కువ భాగం పలుగూ పారతో తవ్వినవి, ఆ పనిలో చాలామంది కూలీలు చనిపోయారు. స్టోనీ క్రీక్ జలపాతాన్ని ఆనుకుని వంపు తిరిగే వంతెన మీద మన బోగీలోంచే ఇంజను కనిపిస్తుంది. రైల్లో ఎక్కి, స్కైరైల్‌లో దిగండి. 7.5 కిలోమీటర్లు అడవి నెత్తిమీదుగా వేలాడే కేబుల్ కారు, 1995లో తెరిచారు. అడవిని కొట్టకుండా స్తంభాలని హెలికాప్టర్లతో దించారు. మధ్యలో రెడ్ పీక్ దగ్గర దిగి చెక్కబాట మీద నడవండి, తొందరపడొద్దు.

కారు లేకుండా డెయిన్‌ట్రీ చూడగలనా?

చూడగలరు. ఉత్తరాన ఉన్న ఆ వర్షారణ్యానికి ఒక్కరికైతే గైడ్ ఉన్న వ్యాను ప్రయాణమే మేలు. మాస్‌మన్ గార్జ్, డెయిన్‌ట్రీ నది మీద మొసళ్ళ పడవ, ఫెర్రీ దాటి కేప్ ట్రిబ్యులేషన్ దాకా తీసుకెళ్తారు. ఊరి నుంచి సుమారు 140 కిలోమీటర్లు. 2021లో డెయిన్‌ట్రీ నేషనల్ పార్కుని తూర్పు కుకు యలాంజి ప్రజలకి తిరిగి అప్పగించారు. మాస్‌మన్ గార్జ్‌లో వాళ్ళే నడిపించే నడకలో పొగ వేసి స్వాగతం చెప్పి, సబ్బులా నురగొచ్చే ఆకు, రంగు రాళ్ళు చూపిస్తారు. అడవిలో ఒంటరిగా దారి తప్పి తిరగడం కంటే ఆ గంటన్నరలో ఎక్కువ తెలుస్తుంది.

బాట వదలొద్దు. గింపీ గింపీ అనే గుండె ఆకారపు ఆకుల మొక్క తగిలితే దాని సన్నటి గాజు ముళ్ళ మంట నెలల తరబడి తిరగబెడుతుంది. మన దురదగొండి దాని ముందు ఎందుకూ చాలదు. కాసోవరీ అనే మనిషంత పక్షి ఎదురైతే వెనక్కి తిరిగి పరుగెత్తకండి, సంచీ అడ్డం పెట్టుకుని మెల్లగా వెనకడుగు వేయండి. తిండి పెట్టకండి.

ఏ రోజు ఏది చూడాలి?

ఐదు రాత్రులు ఉండండి. డైవింగ్, అంటే గాలి సిలిండరుతో నీటి లోతుకి దిగడం, చేయాలనుకుంటే వరస ముఖ్యం. డైవ్ చేశాక 18 నుంచి 24 గంటల దాకా విమానం ఎక్కకూడదు, 300 మీటర్లు దాటిన ఎత్తుకీ వెళ్ళకూడదు. రెడ్ పీక్ 545 మీటర్లు. అంటే కురండా ముందు, రీఫ్ తర్వాత, మధ్యలో గాలి ఎక్కువుంటే మార్చుకోడానికి ఒక ఖాళీ రోజు. స్నార్కెల్ మాత్రమే అయితే ఈ పట్టింపు లేదు.

శాకాహారులకి తిండి?

ఇబ్బంది లేదు. ఊళ్ళో భారతీయ హోటళ్ళున్నాయి, హాస్టళ్ళలో వంటగది ఉంటుంది. పడవలో మధ్యాహ్న భోజనం ఇస్తారు, బుక్ చేసేటప్పుడే గుడ్డు కూడా తిననని స్పష్టంగా రాయండి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా రస్టీస్ మార్కెట్‌కి వెళ్ళండి. పనస, సీతాఫలం, బొప్పాయి, రంబుటాన్ చూస్తే రైతుబజారులో ఉన్నట్టే ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా మామిడి. అక్కడి పేరున్న కెన్సింగ్టన్ ప్రైడ్ మామిడి, మన దేశానికి గుర్రాలు ఎగుమతి చేసిన వర్తకుల ద్వారా బోవెన్ రేవుకి చేరిందని చెప్తారు. మా అమ్మకి ఒక ముక్క పెట్టాను, ‘పీచు తక్కువ బంగినపల్లి’ అంది.

రీఫ్ చచ్చిపోయిందట కదా, ఇప్పుడెళ్ళి ఏం చూస్తాం?

చచ్చిపోలేదు. గాయపడింది, పదేపదే. నీళ్ళు వేడెక్కితే పగడం తనలో ఉండే నాచుని వదిలేసి తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది. 2016, 2017, 2020, 2022, 2024ల్లో విస్తారంగా తెల్లబడింది. మీరు వెళ్ళే దిబ్బ మీద బతికినదీ పోయినదీ పక్కపక్కనే కనిపించవచ్చు.

ఇంకోటి, ఫొటోల్లో కనిపించే ఎరుపు, గులాబి కంటికి కనిపించవు. నాలుగు మీటర్ల లోతుకే నీళ్ళు ఎరుపుని చాలావరకు తాగేస్తాయి. నిజమైన రీఫ్ గోధుమ, ఆవ, ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది, మధ్యలో నీలం మెరుపులు. చిలకచేప పగడాన్ని కొరికే చప్పుడు నీళ్ళలో చెవికి వినిపిస్తుంది. దేన్నీ ముట్టుకోకండి, దేని మీదా నిలబడకండి.

ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పి వెళ్ళాలి?

క్వీన్స్‌లాండ్ సమయం మనకంటే నాలుగున్నర గంటలు ముందు, ఏడాదంతా ఒకటే. రోజూ ఒకే వేళకి ఫోన్ చేస్తానని ఒప్పందం చేసుకోండి. పడవ పేరు, బస పేరు, తిరిగొచ్చే వేళ వాట్సాప్‌లో పెట్టండి. బస రిసెప్షన్‌లో కూడా పొద్దున చెప్పి వెళ్ళండి. పడవలో రీఫ్ దగ్గరికెళ్ళాక, డెయిన్‌ట్రీ నది దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఆ రెండు రోజులూ ‘సాయంత్రం ఆరు దాకా ఫోను పలకదు, కంగారు పడకండి’ అని ముందు రాత్రే చెప్పండి. మా అమ్మకి ఒకసారి చెప్పడం మర్చిపోయాను. తీరం దగ్గరికి రాగానే 23 మిస్డ్ కాల్స్.